ఎడమకాలి మాస్టారు

"మీ ఎడమకాలు ఏం చేస్తూ ఉంటుందండీ?"

రేసు ట్రాకు పక్కనున్న డ్రైవింగ్ స్కూల్లో కొత్తగా చేరినవారిని ప్రధాన శిక్షకులు అడిగే మొదటి ప్రశ్న ఇది. పేరు అడిగేవారు కారు, ఊరు అడిగేవారు కారు. ఈ ఒక్కటీ అడిగి, చేతులు వెనక్కి కట్టుకుని, తల ఒక పక్కకు వాల్చి జవాబు కోసం నిలబడేవారు. వచ్చిన పెద్దమనిషి తన బూటును అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసుకుని, "ఏమీ చేయదండీ, నాది ఆటోమేటిక్" అన్నాడంటే మాస్టారి ముఖం తీర్థం పుచ్చుకున్నంత ప్రసన్నమయ్యేది.

"అయితే దాన్ని ఇంట్లోనే వదిలి రాలేకపోయారా? బండి కొంచెం తేలికయ్యేది."

అక్కడివారంతా ఆయనను ఎడమకాలి మాస్టారు అనడం ఇందువల్లనే. ఆ పేరు ఎగతాళికి పుట్టిందో గౌరవానికి పుట్టిందో ఆయన విచారించలేదు. బిరుదుగా స్వీకరించి ఊరుకున్నారు.

యౌవనంలో ఆయన ఆ స్కూలు షెడ్డులో టైర్లు మార్చడానికి చేరారు. స్కూలు స్థాపించిన పెద్దాయన ఒకనాడు ఎర్రని స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చి, దాని గేర్ రాడ్ మీద ఈయన చెయ్యి పెట్టించి, "బలం చూపించకు. అది ఎటు పోదామంటోందో విను" అన్నారు. ఆ ఉపదేశం ఆయనకు చెవిలో కాక అరచేతిలో నిలిచిపోయింది. ఉన్నమాట చెప్పుకోవాలి: ఎర్ర కారులో ఆయన మలుపు తిరగడం చూడదగిన విషయం. కుడిపాదం ముందు భాగం బ్రేకు మీద, అదే పాదం మడమ యాక్సిలరేటరు మీద. ఎడమకాలు క్లచ్ మీద. ఎడమచెయ్యి గేరు మీద, కుడిచెయ్యి స్టీరింగు మీద. ఇన్ని అవయవాలు ఇన్ని పనులు చేస్తూ ఒకదానికొకటి అడ్డురాకపోవడం జపతపాలు చేసేవారికి కూడా అంత సులభం కాదు. గేరు పడిన చప్పుడు వినబడేది కాదు; ఇంజను గొంతు మారడం మాత్రమే తెలిసేది. ఆ విద్యను ఎగతాళి చేయడానికి ఎవరికీ నోరు రాదు.

ఎగతాళి చేయవలసింది, ఆ విద్యను నెత్తిన పెట్టుకుని ఆయన తిరిగిన తీరును. మనిషికి లోపలి శత్రువులు ఆరని పెద్దలు లెక్కపెట్టారు. ఎర్ర కారుకు గేర్లూ ఆరే. కారులోని ఆరింటిలో దేనిని ఎక్కడ వేయాలో, ఎక్కడ తీయాలో మాస్టారికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. లోపలి ఆరింటిలో మాత్రం అయిదోదైన మదంలో పడినవారు పడినట్టే ఉండిపోయారు. దిగవలసిన మలుపు ఎన్నిసార్లు ఎదురైనా అది ఇతరుల కోసం వేసిన మలుపనే అనుకున్నారు.

ఆయన మదాన్ని పోషించినవారు, చందా కట్టి ట్రాకు మీద తమ బళ్ళు తిప్పుకునే స్కూలు సభ్యులు. అంతమంది వృథా మనుషులను ఒకేచోట చూడాలంటే ఆదివారం ఉదయం స్కూలు క్యాంటీనుకు వెళ్ళాలి. ఆరువందల గుర్రాల బలమున్న బండి కొని, గతుకులకు జడిసి ఊళ్ళో నీళ్ళ ట్యాంకరు వెనక దానికన్నా నెమ్మదిగా వచ్చేవారు. మార్చడానికి గేరు లేకపోయినా చేతులకు తోలు తొడుగులు వేసుకునేవారు. వీరందరిలో అగ్రగణ్యుడు ఒక పళ్ళ డాక్టరు. మాన్యువల్ గేరు గురించి ఆయన మాట్లాడుతుంటే విన్నవారి కళ్ళు చెమర్చేవి.

"మాన్యువల్‌లో ఆత్మ ఉందండీ మాస్టారూ! ఆటోమేటిక్‌లో ఏముంది? టీవీ చూసినట్టు ఉంటుంది."

"మరి మీరు మొన్న కొన్నదేమిటి డాక్టరుగారూ?"

"ఆటోమేటిక్కేననుకోండి. మోకాలు కొంచెం... ట్రాఫిక్కు కూడా ఉంది కదా."

"ఆత్మకు మోకాలి నొప్పి వచ్చిందన్నమాట!"

క్యాంటీను ఘొల్లుమనేది. డాక్టరు కూడా నవ్వేవాడు. తనను కాదన్నట్టే నవ్వేవాడు. మాన్యువల్‌ను పొగిడినవారిలో మాన్యువల్ కొన్నవాడు ఒక్కడూ లేడన్న సంగతి మాస్టారికి తట్టేది కాదు. పొగడ్త వినబడుతున్నంతసేపు ఆయన పొగిడేవాడి చేతిలోని తాళంచెవి వంక చూసేవారు కారు.

ఇట్లా ఉండగా పెద్దాయన కాలం చేసి, ఆయన కూతురు యజమానురాలైంది. ఆమె ఒక కొత్త కారు తెప్పించింది. దానికి క్లచ్ పెడల్ లేదు, గేర్ రాడ్ లేదు. లోపల రెండు క్లచ్‌లున్నాయి. ఒకటి ఇప్పటి గేరును పట్టుకుని ఉంటే మరొకటి రాబోయే గేరును సిద్ధం చేసుకుని ఉంటుంది. స్టీరింగు వెనక ఉన్న మీటను వేలితో తాకితే చాలు, కనురెప్ప పడేలోగా గేరు మారిపోతుంది. ఆ కారు మీద పాఠం చెప్పడానికి ఆమె నియమించింది మాస్టారి కూతురినే.

ఆ పిల్ల తండ్రి దగ్గర ఎర్ర కారులోనే చదువుకుంది. కొత్త కారు పెడసరాన్ని ఓపికగా తెలుసుకుంది. కిందటి ఏడాది శిక్షకులకు పెట్టిన పోటీలో దానిలో ట్రాకు చుట్టి, ఎర్ర కారులో తండ్రి పట్టిన సమయాన్ని చులాగ్గా దాటింది. దిగి హెల్మెట్ తీసి, చెమటతో తడిసిన జుట్టును కూడా తోసుకోకుండా తిన్నగా తండ్రి దగ్గరికి వచ్చి నిలబడింది. ఆయన ఏమన్నారంటే:

"గెలిచింది బండి. నువ్వు అందులో కూర్చున్నావు, అంతే."

అది చుట్టూ ఉన్న పదిమందీ విని నవ్వేటట్టు అన్నారు. కూతురు నవ్వలేదు. హెల్మెట్ మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి ఇంట్లో తండ్రీకూతుళ్ళ మధ్య "మంచినీళ్ళు ఇటివ్వు", "తాళం ఎక్కడ పెట్టావు" లాంటి మాటలే మిగిలాయి. కారు మాట ఆమె మళ్ళీ ఆయనతో ఎత్తలేదు.

ఆ ఇంట్లోనూ ఒక ఆటోమేటిక్ ఉంది. మాస్టారి భార్య బట్టలు కుట్టేది. కుట్టినవి ఇచ్చి రావడానికి చిన్న ఆటోమేటిక్ కారు కొనుక్కుంది. ఆయన దానిని "ఊయల" అనేవారు, ముట్టుకునేవారు కారు; కాని సంచీ పట్టుకుని దాని పక్కసీట్లో కూర్చుని రోజూ ట్రాకుకు వెళ్ళేవారు. దారి పొడుగునా ఆయన ఎడమకాలు లేని క్లచ్‌ను తొక్కుతూనే ఉండేది. పక్కసీటు కింది రబ్బరు మ్యాట్ సరిగ్గా ఆ చోటే అరిగి చిల్లుపడింది.

"ఆ తొక్కుడేదో నా పాత మిషను మీద తొక్కితే నాలుగు చొక్కాలైనా అయ్యేవి," అనేది ఆవిడ.

"నీకు నవ్వులాటగానే ఉంటుంది. తనంతట తాను పోయే బండిలో మనిషికి పనేమిటే?"

"నా మిషనుకు మోటారు పెట్టించి ఎన్నేళ్ళయిందీ! ఒక్కరోజైనా చొక్కా దానంతటది కుట్టుకుందా? మోటారు పెట్టిన మొదటి రోజే పెడల్ మీద కాలు పాతపద్ధతిలో వేసి, సూది వేల్లో దించుకున్నాను. మరిచిపోయారా?"

"కుట్టుపనీ డ్రైవింగూ ఒకటేనా?"

"కాదులెండి. కుట్టుపనిలో తప్పు చేస్తే తప్పు మనదే అంటాం."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. జవాబు దొరకనప్పుడు ఆయనకు ప్రకృతి మీద ఆసక్తి కలిగేది.

ఆ వారంలోనే యజమానురాలు ఆయనను తన గదికి పిలిపించింది.

"మాస్టారూ, మీ క్లాసును అందరూ పొగుడుతారు. చేరేవాళ్ళే లేరు. రెండు బ్యాచ్‌లకు ఇద్దరు హెడ్‌లను నడపలేను. ఒక్కటే ఉంచుతాను, దానికి ఒక్కరే హెడ్. మీరా, అమ్మాయా అన్నది తేల్చాలి."

"తేల్చేదేముంది మేడమ్? పోటీ పెట్టండి."

"పోటీలో ఏం తేలిందో కిందటేడే చూశాం. ఈసారి అట్లా కాదు. సభ్యులందరి ముందు ఇద్దరూ రెండు కార్లూ నడపండి. నడుపుతూ పక్కన ఒక సభ్యుణ్ణి కూర్చోపెట్టుకుని పాఠం చెప్పండి. రెండు బళ్ళూ తెలిసినవాళ్ళే హెడ్."

మాస్టారు నవ్వారు. కూతురు ఎర్ర కారులో తనకు సాటి రాదని ఆయనకు తెలుసు. కొత్త కారులో చేయవలసిన పనేమీ లేదనీ ఆయనకు తెలుసు. ఇక తనకు ఓడిపోయే దారి ఏదీ? ప్రధాన శిక్షకుడి కుర్చీ, ఎర్ర కారు, క్యాంటీనులోని ఘొల్లుమనే నవ్వు, అన్నీ తనకే దక్కుతాయి. ఆయన లెక్కలో తప్పేమీ లేదు, ఒక్క తన కాలిని కలుపుకోకపోవడం తప్ప.

ఆ సాయంత్రం కూతురు వంటగది గుమ్మంలో నిలబడి, చాలాకాలానికి కారు మాట ఎత్తింది.

"నాన్నా, రేపు పొద్దున్న ఖాళీయేగా? కొత్త కారులో ఒక్కసారి తిరిగి వద్దాం రా."

"దేనికమ్మా? లిఫ్టు ఎక్కడానికి ఎవరైనా ప్రాక్టీసు చేస్తారా?"

"అది కాదు. నువ్వు ఇన్నేళ్ళుగా క్లచ్ తొక్కినవాడివి. అందులో బ్రేకు పెడల్ వెడల్పుగా ఉంటుంది. కంగారులో ఎడమకాలు దాని మీద పడుతుంది. నాకూ మొదట్లో పడింది. కాలిని వెనక్కి లాగి సీటుకు ఆనించి ఉంచుకోవాలి. చెప్పినంత తేలిక కాదు."

"నాకు నువ్వు కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో నేర్పుతున్నావన్నమాట!"

"నేర్పడం లేదు నాన్నా. పడతావేమోనని చెబుతున్నాను."

"పడుకోబెట్టి తీసుకుపోయే బండిలో పడేదేముంది? వెళ్ళు, వెళ్ళి నీ ఊయలకు పాలసీసా సిద్ధం చేసుకో."

ఆమె స్టవ్వు మీది గిన్నె మీద మూత సర్ది, తన గదిలోకి వెళ్ళిపోయింది. భార్య మిషను ఆపి, "చెప్పిందిగా వినొచ్చుగా!" అంది. మాస్టారు తన బూట్లు ముందువేసుకుని పాలిష్ పట్టసాగారు. ఎడమ బూటుకు రెండుసార్లు పట్టారు.

అనుకున్న ఆదివారం వచ్చింది. సభ్యులు తొడుగులు తొడుక్కుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ట్రాకు అంచున గొడుగుల కింద చేరారు. పక్కసీటుకు పళ్ళ డాక్టరు తానే ముందుకు వచ్చాడు. కూతురు ముందు నడిపింది. ఎర్ర కారును జాగ్రత్తగా, తప్పు లేకుండా తిప్పింది. కొత్త కారును తన చెయ్యి పొడుగైనట్టు తిప్పింది. పక్కన కూర్చున్న డాక్టరుకు ప్రతి మలుపులోనూ ఏం చేస్తోందో, ఎందుకు చేస్తోందో రెండేసి మాటల్లో చెప్పింది. దిగిన తరువాత డాక్టరు "బాగుందమ్మా" అని, గొంతు తగ్గించి మాస్టారితో, "ఎంతైనా మీ చెయ్యి వేరు" అన్నాడు. అదే మాట ఆమెతోనూ అని ఉంటాడు.

తరువాత ఎర్ర కారులో మాస్టారు. దానిని గురించి చెప్పేదేమీ లేదు, ముందే చెప్పాను. గొడుగుల కింద చప్పట్లు మోగాయి. కొందరు లేచి నిలబడ్డారు కూడా.

ఆ చప్పట్లు చెవుల్లో ఉండగానే ఆయన కొత్త కారు ఎక్కారు. మొదటి రెండు మలుపులూ సాఫీగా గడిచాయి. ఎడమకాలు ఎక్కడుందో ఆయనకు ఎరుక ఉంది. కాని సాఫీగా గడుస్తున్నకొద్దీ వెక్కిరింత పొంగుకొచ్చింది.

"చూశారా డాక్టరుగారూ? నేనేం చేస్తున్నాను? ఏమీ లేదు! అన్నీ అదే చేస్తోంది. నేను లేకపోయినా పోతుందిది. మనల్ని సరదాకి ఎక్కించుకుంది."

"హహహ! బాగా చెప్పారు మాస్టారూ."

"నా కాలిని చూడండి. పింఛను పుచ్చుకున్నవాడిలా కూర్చుంది."

నిటారు దారి చివర పెద్ద మలుపు వచ్చింది. ఇంజను గొంతు ఎత్తుకుంది. ఆ గొంతు ఎర్ర కారుది కాకపోయినా ఎర్ర కారు భాషలోనే పిలిచింది. మాస్టారు నవ్వుతున్నారు, ఆయన ఒంటికి మాత్రం నవ్వు తెలియదు. అది యౌవనం నుంచి నేర్చుకున్న అనుష్ఠానాన్ని తు.చ. తప్పకుండా మొదలుపెట్టింది. కుడిపాదం బ్రేకు మీదికి పోయింది. ఎడమచెయ్యి మూడో గేరు కోసం పోయి, సీట్ల మధ్య గుంటలో ఉన్న డాక్టరుగారి నీళ్ళసీసాను పట్టుకుని వెనక్కి లాగింది. ఎడమకాలు లేచి, క్లచ్ ఉండవలసిన చోట ఉన్నదాన్ని నేలకు అంటేటట్టు తొక్కింది. అక్కడున్నది బ్రేకు.

కొత్త కారు ఆజ్ఞ అందుకున్న సేవకుడిలా ఉన్నచోటనే నిలిచిపోయింది. నిలవబోతూ సగం చుట్టు తిరిగి, మలుపు అంచున పెట్టిన ప్లాస్టిక్ దిమ్మెలను ఎగరగొట్టి, వచ్చినవైపే ముఖం పెట్టుకుంది. డాక్టరు నల్లకళ్ళద్దాలు ముందు అద్దానికి కొట్టుకుని కింద పడ్డాయి. నీళ్ళసీసా మూత ఊడి, మాస్టారి ఒడి తడిసింది. దెబ్బలేమీ తగలలేదు.

మొదట పరుగెత్తుకొచ్చింది కూతురు. తలుపు లాగి, "దెబ్బ తగిలిందా నాన్నా?" అంది. ఆయన తల అడ్డంగా ఊపారు. అప్పుడామె చూపు కిందికి పోయింది. నిగనిగలాడే ఎడమ బూటు ఇంకా బ్రేకు మీదే ఉంది. ఆమె దానిని చూసింది. ఆమె చూడడాన్ని ఆయనా చూశారు. ఆయన కాలు తీసుకున్నారు.

ఇంతలో యజమానురాలూ తక్కిన సభ్యులూ వచ్చి చుట్టుముట్టారు. డాక్టరు కళ్ళద్దాల ముక్కలు చేత్తో పట్టుకుని, సాక్ష్యానికి దిగాడు.

"బ్రేకు దానంతటదే పట్టేసిందండీ! నేను పక్కనే ఉన్నాగా! మాస్టారు ఏమీ చేయనేలేదు. ఏమీ చేయడం లేదని అంతకుముందే నాతో అన్నారు కూడా!"

"నిజమా మాస్టారూ?" యజమానురాలి ముఖం పాలిపోయింది. "బ్రేకులో లోపముంటే ఇప్పుడే చెప్పండి. ఈ బండిని ఇవాళే వెనక్కి పంపేస్తాను. అమ్మాయి బ్యాచ్ కూడా ఆపేస్తాను. ప్రాణాలతో చెలగాటం నాకొద్దు."

ఇదీ అవకాశం. ఆయన నోరు తెరిచి అబద్ధం చెప్పనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఊరుకుంటే కుర్చీ ఆయనది, ఎర్ర కారు ఆయనది, బండి దానంతటదే నడుస్తుందన్న ఆయన సిద్ధాంతానికి ఒక పళ్ళ డాక్టరు సాక్షి. కూతురు చూసిన సంగతి ఆమె చెప్పదు. తండ్రిని పదిమందిలో చిన్నబుచ్చడం ఆమెకు చేతకాదని, అది తనకే చేతనవునని, ఆ క్షణంలో ఆయనకు చాలా అసహ్యంగా తెలిసివచ్చింది. ఆమె దిమ్మెలను ఏరి వరసగా పెడుతోంది. ఆయన వైపు చూడటం లేదు.

"బ్రేకు బాగానే ఉంది," అన్నారు మాస్టారు.

"మరి?"

"నా ఎడమకాలు క్లచ్ అనుకుని బ్రేకు తొక్కింది."

ఎవరో కిసుక్కున నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు. డాక్టరు ముఖం తన సొంత కారును ఎవరో తిట్టినట్టయింది. యజమానురాలు ఆయనవైపు తిరిగి అంది:

"ఆటోమేటిక్‌లో డ్రైవరుకు పనేమీ ఉండదన్నారు కదా మాస్టారూ?"

"ఉంది మేడమ్. కాలిని ఊరుకోబెట్టడం. అది నాకు రాలేదు." తడిసిన ప్యాంటును అరచేత్తో తుడుచుకున్నారు. "మా అమ్మాయికి వచ్చు. కిందటేడు గెలిచింది బండి కాదు."

ఈ చివరి మాట ఆయన ముందు టైరు వంక చూస్తూ అన్నారు. చేతిలోని దిమ్మెను కూతురు మరి కింద పెట్టలేదు; దానిని పట్టుకునే చాలాసేపు నిలబడిపోయింది.

సాయంత్రం ఊయలలో ముగ్గురూ ఇంటికి బయలుదేరారు. జరిగిన సంగతి భార్యకు అప్పటికే తెలిసిపోయింది. అటువంటివి తెలియడానికి గేర్లు మార్చనక్కర్లేదు.

"ఏమండీ, ఇవాళ మ్యాట్ తొక్కడం లేదేం? ఒంట్లో బాగాలేదా?"

"ముందు చూసి నడుపు."

"చూస్తూనే ఉన్నాను. వేల్లో సూది దిగితే నేనూ ఒక పూట ఇట్లాగే మూగనోము పట్టాను."

వెనకసీట్లో కూతురు నవ్వింది. ఏడాది తరువాత ఆ ఇంటి కారులో ఆమె నవ్వడం అదే మొదలు.

కూతురు హెడ్ అయింది. ఎర్ర కారు షెడ్డులోనే ఉంది. కోరినవారికి మాన్యువల్ పాఠం చెబుతామని బోర్డు కూడా పెట్టారు. సభ్యులు దాని పక్కన నిలబడి, గేర్ రాడ్ మీద తొడుగు చెయ్యి వేసి ఫొటోలు దిగుతారు. పాఠం కోరినవాడు ఇంతవరకు లేడు. పళ్ళ డాక్టరు మాత్రం, "మీ దగ్గర చేరాలని ఎప్పటినుంచో మాస్టారూ..." అంటూ మోకాలు నిమురుకుంటాడు.

మాస్టారిని కొత్త బ్యాచ్‌కు శిక్షకుడిగా ఉంచడానికి కూతురు ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది: ముందు ఆయన ఆమె క్లాసులో నేర్చుకోవాలి. మొదటి రోజు ఆయన హెల్మెట్ పెట్టుకుని డ్రైవరు సీట్లో బిగుసుకుని కూర్చున్నారు. పక్కన కూతురు బెల్టు బిగించుకుని, చేతులు కట్టుకుని, తల ఒక పక్కకు వాల్చింది.

"మాస్టారూ, మీ ఎడమకాలు ఏం చేస్తోందండీ?"

ఆయన పళ్ళు కొరుక్కున్నారు.

"ఊరుకుంది."

"నిజంగా?"

ఆయన కిందికి తొంగిచూశారు. బూటు ముందుకు పాకి, బ్రేకుకు బెత్తెడు దూరంలో పొంచి ఉంది. ఆయన దానిని వెనక్కి లాగి, సీటుకు ఆనించి, మడమ నేలకు నొక్కిపెట్టారు.

"ఇప్పుడు ఊరుకుంది," అన్నారు. "ఇంత ఖరీదైన బండి కొనుక్కుని కాలికి కాపలా కాయడమేమిటో! ఇదొక బండి, దీనికొక విద్య!"

"పోనివ్వండి మాస్టారూ," అంది కూతురు.

ఆయన పోనిచ్చారు.